పదమూడో కుండీ

1987 నవంబరు ఒకటో తారీకు. ఆ మధ్యాహ్నం భోజనానికి ఉప్పులో ఊరేసిన పంది మాంసం, ఆకుపచ్చ మసూరు పప్పు. మసూర్లు అడుగంటాయి. ముప్ఫయ్యేళ్ళు గడిచినా ఆ మాడు వాసన అన్సెల్మ్ కుర్తదోన్‌కి నిన్నటిదిలాగే ఉంది. గుర్తులేనిదల్లా ఆ రోజు భార్య ఒదీల్ చెప్పిన మాటలు.

ఆ రోజు సకల పునీతుల పండుగ. ఒదీల్ పొద్దున్నే పుట్టింటివాళ్ళ సమాధులకి చామంతులు పెట్టడానికి వెళ్తూ, పొయ్యి మీద మసూర్లు ఉన్నాయి, ఓ కన్నేసి ఉంచమంది. ఆయన కాలేజీలో భూగోళం చెప్పేవాడు. పిల్లలు గీసిన నదుల పటాలు దిద్దుతూ కూచుని, పొయ్యి సంగతి మరిచిపోయాడు. ఆమె ఆలస్యంగా వచ్చి, కిటికీ తెరిచి, మాడిందాన్ని కదపకుండా పైపైది వడ్డించి, తింటున్నంతసేపూ ఏదో చెప్పింది. నవ్వుతూ చెప్పింది. ఆయన పటాల మీంచి తలెత్తకుండా ఊఁ కొట్టాడు. చివర్న ఒక్క ముక్క మాత్రం చెవిన పడింది: "మనిద్దరికీ చోటు చూసి వచ్చాను." వారం తరవాత శ్మశానంలో స్థలానికి కాగితం తెస్తే, సంతకం పెట్టేశాడు.

ఆ చోటు ఎవరి పక్కనో ఆరేళ్ళ కిందట, ఆమెని అక్కడ పడుకోబెట్టిన రోజున గానీ తెలియలేదు. ఉత్తరం గోడ వారన, ఎవరిస్త్ మొర్లాన్ పక్కన.

వాళ్ళ ఊరు వర్నియాక్‌లో ఆ పేరు ఒకప్పుడు తిట్టు. బద్ధకంగా పడుకున్న పిల్లాణ్ణి "లే, మొర్లాన్‌లా తయారవుతావు" అని తల్లులు లేపేవాళ్ళు. తోళ్ళు పదునుచేసే ఈ ఊళ్ళోనే పుట్టి, పారిస్ వెళ్ళి, కవిత్వం రాశాడు. అప్పటిదాకా కవులు చందమామ కోసం దాచుకున్న మాటలన్నీ పట్టుకెళ్ళి రైలు స్టేషన్ పొగకీ, గ్యాసు దీపాలకీ, సాయంత్రం ఫాక్టరీ గేటులోంచి బయటపడే జనానికీ ఖర్చు పెట్టాడు. కోర్టువాళ్ళు ఆ పుస్తకం బూతు అన్నారు, జరిమానా వేశారు. దగ్గుతో చావడానికి తిరిగొస్తే ఈ ఊరి పిల్లలు తోలు ముక్కలు విసిరారు. 1871లో పోయాడు. చర్చి గురువుగారు లోపల చోటివ్వనంటే, బాప్తిస్మం లేకుండా పోయిన పసిగుడ్లని పెట్టే ఉత్తరం గోడ పక్కన పూడ్చారు.

అన్నిటికన్నా ఎక్కువ కోపం ఒదీల్ పుట్టింటివాళ్ళకి. ఆ బూతు పుస్తకంలో చాకిరేవు మీద ఒక పద్యం ఉంది, అందులో జెలీ అనే ఆవిడ పేరు ఉంది. ఆ జెలీ ఒదీల్‌కి ముత్తవ్వ. నాలుగు తరాలు ఆ ఇంట్లో మొర్లాన్ పేరెత్తితే గిన్నెలు గట్టిగా పెట్టేవాళ్ళు. అలాంటి ఇంటి పిల్ల వెళ్ళి వెళ్ళి ఆయన పక్కనే చోటు కొనడమేమిటి? ఆరేళ్ళుగా అన్సెల్మ్ ఆ ప్రశ్నని పంటి కింద రాయిలా నాలికతో తడుముతూనే ఉన్నాడు. అడుగుదామంటే మనిషి లేదు. ఉన్నప్పుడు ఆవిడ చెప్పింది, తను వినలేదు.

ఈలోపు మొర్లాన్ దశ తిరిగింది. పారిస్‌లో ఎవరో పాత పుస్తకం దులిపారు. బళ్ళో పాఠం పెట్టారు. పెద్ద ఊళ్ళలో ట్రాము టిక్కెట్ల మీద ఆయన వాక్యాలు వేశారు. బతికుండగా ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వని మనిషి మాట ఇప్పుడు ఒక బ్యాంకు గోడ మీద మూడు గజాల అక్షరాల్లో ఉంది. సమాధి మీద కుర్రకారు పెన్నులూ, టిక్కెట్లూ వదిలి వెళ్తున్నారు, రాతి మీద లిప్‌స్టిక్ ముద్దులు కూడా.

2017 అక్టోబరులో ఒక సాయంత్రం క్లోతిల్డ్ రుమియే చంకలో పటాల చుట్ట పెట్టుకుని తలుపు తట్టింది. మునిసిపాలిటీలో సాంస్కృతిక వ్యవహారాలు చూసే కౌన్సిలరు. ఒకప్పుడు ఆయన క్లాసులో మూడో బెంచీ.

"మాస్టారూ, మీరు కాదనకూడదు," అంది చెప్పులు విప్పకుండానే.

"నువ్వు క్లాసులో లువార్ నదిని మధ్యధరా సముద్రంలో కలిపినప్పుడే కాదన్నాను. ఇంకేం కాదంటాను, కూచో."

ఆమె నవ్వి, బల్ల మీద పటం పరిచింది. మొర్లాన్ సమాధి ముందు తెల్ల కంకర పరిచి, బెంచీలు వేసి, గాజు పలక మీద ఆయన జీవితం రాస్తారట. బస్సుల్లో వచ్చేవాళ్ళు నలభై మంది ఒకేసారి నిలబడాలి. దానికి అడ్డం ఒకటే: ఒదీల్ సమాధి, దాని పక్కన ఆయన కోసం ఖాళీగా ఉంచిన చోటు.

"ఖర్చంతా ఊరిదే మాస్టారూ. కొండ మీద కొత్త భాగంలో ఇస్తాం. అక్కణ్ణుంచి ఏరు కనిపిస్తుంది."

"ఒదీల్‌కి ఏరు ఇష్టమే," అన్నాడాయన మెల్లిగా. "కానీ ఇప్పుడు చూస్తుందంటావా?"

క్లోతిల్డ్ చూపు దించుకుంది. "మీ సంతకం లేకుండా రాయి కూడా కదపం. పండుగలోగా చెప్తే చాలు."

ఆయన అలవాటు కొద్దీ పటం మీదికి వంగాడు. "ఈ బూడిదరంగు పెట్టె ఏమిటి? పేరు రాయలేదేం?"

"అదా, కాపలాదారు బాతిస్త్ పారలూ గొట్టాలూ పెట్టుకునే కొట్టు."

"పేరు లేని పటానికి నేనైతే మార్కులు వేయను," అని, "ఆ సమాధి తాలూకు ఫైలు ఉంటుందిగా, ఓసారి చూడనిస్తావా? నా పెళ్ళాం పక్కింటాయన. ఆయన గురించి నాకేమీ తెలియదు," అన్నాడు.

మర్నాడు మునిసిపల్ ఆఫీసులో ఫైలు ముందు కూచున్నాడు. శాశ్వతంగా అని రాసిచ్చిన చోటైనా, పట్టించుకునేవాళ్ళు లేకుండా పాడుపడితే ఊరు వెనక్కి తీసుకోవచ్చు. దానికో పద్ధతి ఉంది. ఒకసారి వెళ్ళి "పాడుపడింది" అని రాయాలి. మూడేళ్ళు ఆగి మళ్ళీ వెళ్ళాలి. అప్పుడూ అలాగే ఉంటే ఎముకలు తీసి ఉమ్మడి గోతిలో వేస్తారు. ఎవరైనా శుభ్రం చేసినట్టు, పువ్వు పెట్టినట్టు జాడ ఉంటే మొత్తం రద్దు, మళ్ళీ మొదటినుంచీ.

మొర్లాన్ సమాధికి 1978లో మొదటి తనిఖీ. 1981లో రెండోది: "తాజా చామంతి కుండీ ఒకటి, పసుపు. రద్దు." 1982లో మళ్ళీ మొదటిది. 1985: "చామంతి కుండీ ఒకటి, పసుపు. రద్దు." 1986లో మళ్ళీ మొదటిది, 1989లో మళ్ళీ అదే మాట. ఆ తరవాత ఆఫీసువాళ్ళకి విసుగు పుట్టి వదిలేశారు. ఇంకో ఏడెనిమిదేళ్ళకి పారిస్ మేలుకుంది.

రెండో తనిఖీ మూడుసార్లూ నవంబరు మొదటి వారంలోనే జరిగిందని చూసి ఆయనకి నవ్వాగలేదు. తనిఖీకి పోలీసాయన సాక్షిగా ఉండాలి, పండుగ రద్దీకి ఎలాగూ అక్కడే ఉంటాడు కదా, ఒక పనిలో పని అయిపోతుందని వెళ్ళారు. మార్చిలోనో జులైలోనో ఒక్కసారి వెళ్ళుంటే కవి ఉమ్మడి గోతిలో కలిసిపోయి ఉండేవాడు.

"చూశారా!" అంది క్లోతిల్డ్ కళ్ళింత చేసుకుని. "అజ్ఞాత అభిమాని. ఊరు ఊరంతా ఉమ్మేస్తున్న రోజుల్లో ఎవరో ఒక్కరు కవిత్వం గుండెల్లో పెట్టుకుని రహస్యంగా వచ్చేవారు. పారిస్ నుంచి అయ్యుండాలి. గాజు పలక మీద ఆ కథే రాయిస్తున్నా."

పసుపు చామంతి. అన్సెల్మ్‌కి ఎందుకో మసూర్ల వాసన వచ్చింది.

ఇంటికి వెళ్తూ లైబ్రరీలో ఆ పుస్తకం తీసుకున్నాడు. డెబ్బై నాలుగేళ్ళకి మొదటిసారి. చాకిరేవు పద్యం కుర్చీలో కూచుని రెండుసార్లు, నిలబడి ఒకసారి చదివాడు. జనవరి నెల. మంచు పగలగొట్టి ఆడవాళ్ళు డబ్బున్న ఇళ్ళ దుప్పట్లు ఉతుకుతుంటారు. కవి వంతెన మీంచి చూస్తాడు. జెలీ చేతులు నీళ్ళలోంచి ఎర్రగా, ఆవిర్లు కక్కుతూ పైకొస్తాయి. ఆ దుప్పట్ల మీద ఊరి పెద్దల రాత్రులన్నీ మరకలై ఉన్నాయనీ, ఈ చేతులకి అన్నీ తెలుసనీ, ఎవరికీ చెప్పవనీ అంటాడు. చివర్న, ఆ చేతుల ముందు టోపీ తీస్తాడు. అంతే.

ఇందులో జెలీకి తిట్టేముంది? తిట్టు పడింది దుప్పట్లవాళ్ళకి. వాళ్ళు వెళ్ళి ఉతికేవాళ్ళతో, నిన్నేదో అన్నాడు చూసుకో అని ఉంటారు. చదువు రాని జెలీ నమ్మింది. చదువొచ్చిన మనవరాళ్ళూ నమ్మారు. చదువు చెప్పే మొగుడూ నమ్మాడు. ఎవరూ పుస్తకం తెరవలేదు.

మరి ఒదీల్? ఆవిడా తెరవలేదని ఆయనకి ఖాయంగా తెలుసు. ఆవిడ చదివినవి విత్తనాల జాబితాలూ, దినఫలాలూ.

పండుగ ముందు రోజు పొద్దున్నే శ్మశానం దగ్గరికి వెళ్ళాడు. పూలమ్మే సిదోనీ అప్పటికే చిన్న తలుపు దగ్గర చామంతి కుండీలు మెట్లు మెట్లుగా పేర్చుకుని, రెండు శాలువాలు కప్పుకుని కూచుంది. ఎనభై ఆరేళ్ళు. అరవై పండుగలుగా అదే చోటు.

"ఏవయ్యా మాస్టారూ, పొద్దున్నే? మీ ఆవిడకి ఒకటేగా. తెల్లదా, పసుపా? ఏటా అరగంట ఆలోచించి పసుపే తీసుకుంటావు."

"అక్కా, ఒకటి అడగనా. ఆ మొర్లాన్ సమాధి మీద ఎవరో ఏటా ఒక కుండీ పెట్టేవారట. చాలా ఏళ్ళ కిందటి మాట. ఎవరో నీకు తెలుసా?"

సిదోనీ ఆయన్ని కిందినుంచి మీదిదాకా చూసింది. "వేళాకోళమా?"

"కాదు."

"నీ పెళ్ళామయ్యా! ముప్ఫై ఏళ్ళు కాపరం చేశావు, ఆ మాత్రం తెలియదూ?"

"ముప్ఫై తొమ్మిది," అన్నాడాయన.

"అయితే ఇంకా సిగ్గుచేటు." ఆవిడ కూచున్న చోటు నుంచే కాలితో ఓ ముక్కాలిపీట తోసింది. "కూచో. ఆ మోకాలితో నిలబడకు. మీ అత్తారివాళ్ళవి ఎన్ని సమాధులు?"

"పన్నెండు."

"పన్నెండు కుండీలు కొంటే నేను ఎన్నిస్తాను?"

 డజను కొంటే పదమూడు. గుడ్లకైనా, ఆల్చిప్పలకైనా, చామంతులకైనా, ఈ దేశంలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన లెక్కే.

"మరి పదమూడోది ఏం చేసుకుంటుంది? ఇంటికి పట్టుకుపోతుందా? చామంతిని ఇంట్లో పెట్టుకుంటే చావుని భోజనానికి పిలిచినట్టే. మొదటి ఏడాది నా దగ్గరికే తెచ్చింది, వద్దు తీసుకో అని. అమ్మినదాన్ని వెనక్కి తీసుకోనే నేను, శకునం బాగుండదని చెప్పా. పాపం బరువు, చేతులు లాగేస్తున్నాయి. ఈ తలుపు పక్కనే ఓ బోడి సమాధి కనిపించింది. దించేసి పోయింది. అది ఎవరిదో కూడా చూసుకోలేదు. మరుసటేడు వచ్చి చూసుకుని లబోదిబోమంది. 'అయ్యో అక్కా, వీడికా పెట్టాను! మా అమ్మమ్మ లేచొస్తుంది' అని."

"మరి?"

"మరేముంది. మళ్ళీ పదమూడోది చేతిలో ఉందిగా."

ఇద్దరూ కాసేపు నవ్వారు. సిదోనీ కళ్ళు తుడుచుకుంది.

"తరవాతెప్పుడో నేనే అన్నా, పిల్లా, పన్నెండే తీసుకో, దాని బదులు ధర తగ్గిస్తాను అని. ఒప్పుకోలేదు. 'ఆయనది ఆయనకి ఉండనీ' అంది. 'చిన్నప్పట్నుంచీ తిట్టానక్కా, కానీ చేతిలో కుండీ పెట్టుకుని తిట్టడం కష్టంగా ఉంది' అంది."

అన్సెల్మ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.  "పక్కన చోటు ఎందుకు కొన్నదో చెప్పిందా?"

"నీకు చెప్పలేదూ?"

"చెప్పింది. నేను వినలేదు."

సిదోనీ వేళాకోళం మానేసింది. కొంగొత్త చామంతి కొమ్మ మీంచి ఓ ఎండుటాకు తుంచి పారేసి, "ఆ కవిగాడి వల్ల కాదులే, గాభరా పడకు," అంది. "అప్పుడే నువ్వు సైకిలు మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నావు, జ్ఞాపకముందా? డాక్టరు ఇది జన్మంతా ఉంటుందన్నాడట. ఇక్కడే, నువ్వు కూచున్న చోటే నిలబడి చెప్పింది. 'అక్కా, మా వంశంలో ఆడవాళ్ళే ముందు పోతారు. మిగతా ఖాళీ చోట్లన్నీ కొండ మీదే, నా కోసం ఆయన కొండెక్కలేడు. తలుపు నుంచి ఇది ఇరవై రెండు అడుగులు. తలుపు దగ్గర ఇంత మంచి చోటు, ఈ మొర్లాన్ భయానికి ఎవరూ కొనలేదు. ఎంత అదృష్టం!' అంది. అడుగులు కూడా లెక్కపెట్టుకుంది, నాకు వినపడేలా."

 తను పటాల మీద నదులు దిద్దుకున్నంతసేపూ బల్లకి అవతల ఒక మనిషి నవ్వుతూ ఇరవై రెండు అడుగుల సంగతి చెప్పుకుంటూ ఉండి ఉంటుంది. ఆరేళ్ళుగా ఆదివారం ఆదివారం తను నడుస్తున్నది ఆ అడుగులే.

"రెండు కుండీలు ఇయ్యి అక్కా. పసుపువే."

"రెండు కొంటే కొసరు రాదు సుమా. రెండోదానికీ డబ్బివ్వాలి."

"ఇస్తాను."

మర్నాడు మధ్యాహ్నం క్లోతిల్డ్ ఉత్తరం గోడ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒదీల్ రాతిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఒక కుండీ ఆమెకి, ఒకటి పక్కాయనకి పెట్టి ఉన్నాయి. మొర్లాన్ రాతి మీది లిప్‌స్టిక్ ముద్దులు తుడవాలా వద్దా అని ఆలోచించి, ఆయన బతుకులో లేనివి ఇప్పుడైనా ఉండనీలే అని వదిలేశాడు.

"మాస్టారూ, కాగితం తెచ్చాను," అంది క్లోతిల్డ్.

"నేను సంతకం పెట్టనమ్మా."

ఆమె ముఖం వాడింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు: డజను లెక్క, ఇంటికి తీసుకెళ్ళలేని పదమూడోది, నవంబరులోనే వెళ్ళిన తనిఖీ, మోకాలు. వింటూ వింటూ క్లోతిల్డ్ బెంచీ లేకపోవడంతో పక్క సమాధి అంచు మీదే కూలబడింది.

"అంటే... పారిస్ అభిమాని లేదా? కవిత్వం చదివినవాళ్ళు ఒక్కళ్ళు కూడా..."

"ఒక్కళ్ళు కూడా లేరు. నేనూ మొన్ననే చదివాను. బాగుంది. నువ్వు చదివావా?"

క్లోతిల్డ్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "గాజు పలక మీద వేసేవి చదివాను," అంది.

పక్కన ఆకులు ఊడుస్తున్న కాపలాదారు బాతిస్త్ చీపురు ఆపి నవ్వాడు. "వీళ్ళ తాతలు చదవకుండా తిట్టారు. వీళ్ళు చదవకుండా పొగుడుతున్నారు. ముసలాయనకి ఏం తేడా తెలిసిందంటారు మాస్టారూ?"

"నీ పని నువ్వు చూసుకో బాతిస్త్," అంది కౌన్సిలరు. కానీ ఆమెకీ నవ్వొచ్చింది.

"నీ పటం తియ్యి," అన్నాడు అన్సెల్మ్. ఆమె తీసింది. ఆయన పేరు లేని బూడిదరంగు పెట్టె మీద వేలు పెట్టాడు. "నలభై మంది ఇటు కాదు, అటు నిలబడతారు. పారలకీ గొట్టాలకీ కొండ మీద చోటివ్వండి. ఏరు కనిపిస్తుంది."

"నా కొట్టా!" అన్నాడు బాతిస్త్.

"నీ మోకాళ్ళు బాగున్నాయిగా."

బాతిస్త్ కొట్టు వైపు చూశాడు, ఆయన మోకాలి వైపు చూశాడు. "దాని కప్పు ఎలాగూ కారుతోంది," అని గొణిగి మళ్ళీ ఊడ్చుకోసాగాడు.

క్లోతిల్డ్ పటం మీద పెన్సిల్‌తో ఓ గీత గీసి, పెట్టెలో "కొట్టు" అని రాసి పక్కన ఇంటూ పెట్టింది. సంతకం కావలసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో తోసుకుంది. "గాజు పలక మీద ఏం రాయమంటారు మరి? పదమూడో కుండీ అని రాస్తే జనం నవ్వుతారు."

"నవ్వనీ. ఆయన పద్యంలో కూడా జనం నవ్వుతూనే ఫాక్టరీలోంచి బయటికొస్తారు. ఆ పద్యం చదువు, పన్నెండో పేజీ."

ఆమె వెళ్ళాక ఆయన కాసేపు అక్కడే ఉన్నాడు. ఇక్కడికి రాకముందు ఇంట్లో మసూర్లు వండుకున్నాడు, మాడలేదు. ఆ సంగతి ఒదీల్‌కి చెప్పాడు. సిదోనీ ఆమె మాటని అనుకరించిన తీరు చెప్పాడు. జెలీ చేతుల గురించి, పక్కాయనకి వినపడినా ఫరవాలేదన్నట్టు, కొంచెం గట్టిగానే చెప్పాడు. చాలా మాట్లాడాడు. ఇంట్లో ఆయన ఒక్కసారీ అంత మాట్లాడలేదు.

అయిదింటికి వెలుగు తగ్గింది. బాతిస్త్ గంట వాయించాడు. ఆయన లేచి, మోకాలు సర్దుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఇరవై నాలుగు వచ్చాయి. వయసు మీద పడితే అడుగు చిన్నదవుతుంది మరి.

"రేపు వస్తారా మాస్టారూ?"

"ఆదివారం."

ఆ ఇనప తలుపు ఎప్పుడూ కీచుమంటుంది. బాతిస్త్ దాన్ని రెండు చేతులా కొంచెం పైకెత్తి పట్టుకుని, లోపల ఎవరో అప్పుడే నిద్రపట్టి పడుకున్నట్టు, చప్పుడు కాకుండా మూశాడు.